టెన్నిస్ రిక్రూట్: మూడు కాలేజీలు, హెచ్-4 పిల్ల. ఎటు వెళ్ళమంటారు?

ఫ్రిస్కో_అమ్మ · 2025 సెప్టెంబర్ 13, రాత్రి 10:42

అందరికీ నమస్తే అండి. రెండేళ్ళుగా ఈ ఫోరంలో పోస్టులు చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు. పోస్టు పెద్దది, కాస్త ఓపిక పట్టండి.

మా అమ్మాయి 12వ తరగతి. ఏడో ఏట నుంచి టెన్నిస్ ఆడుతోంది, యూటీఆర్ (ఆటగాళ్ళ స్థాయి చెప్పే రేటింగ్) 8.4 దగ్గర ఉంది. చదువులో ఢోకా లేదు. బయాలజీ చేసి మెడిసిన్‌కి వెళ్తానంటుంది. మా ఆయనది హెచ్-1బి, 2014 నుంచి గ్రీన్‌కార్డు క్యూలో ఉన్నాం. పిల్ల హైదరాబాద్‌లో పుట్టి మూడో ఏట ఇక్కడికొచ్చింది కాబట్టి తనది హెచ్-4 (హెచ్-1బి వాళ్ళ కుటుంబానికిచ్చే వీసా). 2029 వేసవిలో 21 నిండుతాయి, దాంతో హెచ్-4 అయిపోతుంది, అప్పటికి ఇంకో ఏడాది చదువు మిగిలే ఉంటుంది.

ఇప్పుడు మా ముందు మూడున్నాయి. పేర్లు రాయను, ఏమీ అనుకోకండి.

ఒకటి, మిడ్‌వెస్ట్‌లో డివిజన్ 1 (కాలేజీ ఆటల మూడంచెల్లో పైది). ఏడాది ఖర్చు 62 వేల డాలర్లు. అందులో 60 శాతం ఇస్తానని కోచ్ ఫోన్‌లో అన్నాడు. "మిగతాది వచ్చే ఏడాది చూద్దాం" అని కూడా అన్నాడు.

రెండు, ఈశాన్యంలో మంచి పేరున్న డివిజన్ 3. ఖర్చు 91 వేలు. ఆటకి పైసా ఇవ్వరు, అడ్మిషన్‌లో మాత్రం కోచ్ సపోర్ట్ చేస్తుంది. మా ఆయన మనసంతా దీని మీదే.

మూడు, మాకు నాలుగు గంటల దూరంలో, టెక్సస్‌లోనే డివిజన్ 2. ఇన్-స్టేట్ లెక్కన (సొంత రాష్ట్రం వాళ్ళకుండే తక్కువ ఫీజు) 30 వేలవుతుంది. ఆటది, మార్కులది కలిపితే మా చేతి నుంచి పడేది 9 వేల లోపు. అక్కడ లైనప్‌లో రెండో స్థానమో మూడో స్థానమో ఖాయమంటున్నారు. మా ఆయన మాత్రం "ఆ పేరు మన ఊళ్ళో ఎవరికి చెప్పుకుంటాం" అంటారు.

పిల్లకి మొదటిదే కావాలి. ఆ కాలేజీ టీషర్ట్ కొనుక్కుని రోజూ అదే వేసుకుంటోంది. నాకు ఏమీ తోచట్లేదు.

బెజవాడ_ఏస్ · సెప్టెంబర్ 13, రాత్రి 11:05

కంగ్రాట్స్ మేడం! ఇందులో ఆలోచించడానికేముంది, డివిజన్ 1 అంటే డివిజన్ 1. మన నెల్లూరు మూలాలున్న నిశేష్ బసవరెడ్డి స్టాన్‌ఫర్డ్‌లో రెండేళ్ళు ఆడి 2024 డిసెంబర్‌లో ప్రొఫెషనల్ అయ్యాడు. నెల తిరిగేసరికి ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో జొకోవిచ్ దగ్గర మొదటి సెట్ లాగేశాడు. పిల్లకి కల ఉంటే అడ్డు పడకండి.

కాగితం_చూపించు · సెప్టెంబర్ 13, రాత్రి 11:31

ఏస్ గారూ, స్టాన్‌ఫర్డ్‌కి నంబర్ వన్ ఆడినవాడిని చూపించి, మిడ్‌వెస్ట్‌లో ఏ స్థానమో ఇంకా తేలని పిల్లకి సలహా ఇవ్వడం ఏం బాగుంటుంది?

ఫ్రిస్కో అమ్మ గారూ, ముందు ఒక్కటి చెప్పండి. ఆ కోచ్ అమ్మాయిని ఏ స్థానంలో ఆడిస్తానన్నాడు? కాలేజీ టెన్నిస్‌లో ఒక పోటీకి ఆరు సింగిల్స్, మూడు డబుల్స్ ఉంటాయి. డబుల్స్ మూడింట్లో రెండు గెలిస్తే ఒక పాయింటు, సింగిల్స్‌వి ఆరు, మొత్తం ఏడు. సింగిల్స్ ఆడేది ఆరుగురే. హౌస్ కేసు (కాలేజీలు ఆటగాళ్ళకి నేరుగా డబ్బు పంచొచ్చన్న కేసు) సెటిల్‌మెంట్‌కి 2025 జూన్‌లో కోర్టు ఒప్పుకున్నాక, అందులో చేరిన కాలేజీల్లో టెన్నిస్ జట్టుకి పదిమందే అని పరిమితి పెట్టారు. అంటే ఎప్పుడూ నలుగురు పక్కన కూర్చుని చప్పట్లు కొట్టాల్సిందే. ఆ నలుగురిలో మీ అమ్మాయి ఉంటుందా లేదా అన్నది తేలకుండా 60 శాతం గురించి మాట్లాడుకోవడం దండగ.

ఫ్రిస్కో_అమ్మ · సెప్టెంబర్ 14, ఉదయం 7:10

మీరడిగారు కాబట్టి చెప్తున్నా. ఆగస్టులో అక్కడికి అఫీషియల్ విజిట్‌కి వెళ్ళాం. కోచ్ ఆఫీసులో గోడకి ఒక తెల్లబోర్డు, దాని మీద అయస్కాంతం బిళ్ళలతో పేర్లు వరసగా పెట్టి ఉన్నాయి. ఆయన కాఫీ తేవడానికి బయటికెళ్ళినప్పుడు చదివాను. పైన ఏడు పేర్లు. స్పెయిన్, చెక్, అర్జెంటీనా అమ్మాయిలవని చూస్తేనే తెలుస్తోంది. ఎనిమిదో చోట మా అమ్మాయి పేరు, స్పెల్లింగ్ తప్పుతో. తొమ్మిదో బిళ్ళ మీద పేరేమీ లేదు, ప్రశ్నార్థకం గీసి ఉంది. పిల్ల దాన్ని చూడలేదు. నేనూ చెప్పలేదు.

కాగితం_చూపించు · సెప్టెంబర్ 14, ఉదయం 7:48

బోర్డే అంతా చెప్పేసిందండి. ఆ ప్రశ్నార్థకం ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ళు పేరిచ్చే జాబితా) కోసం. 2024 నుంచి చదువు సరిగ్గా ఉంటే ఎన్నిసార్లు కాలేజీ మారినా ఆ ఏడాది ఆడకుండా కూర్చోవాల్సిన పని లేదు. దాంతో కోచ్‌లు 18 ఏళ్ళ పిల్లని తీసుకుని రెండేళ్ళు తయారు చేయడం కంటే, వేరేచోట రెండేళ్ళు ఆడి ముదిరిన 20 ఏళ్ళ పిల్లని తెచ్చుకోవడమే నయం అనుకుంటున్నారు. పైగా డివిజన్ 1 టెన్నిస్‌లో సగానికి పైగా విదేశీయులే. ఇది ఆ కోచ్ తప్పు కాదు, ఇప్పుడు ఆట నడిచే తీరే అది.

ఇంకోటి. 2024 అక్టోబర్‌లో పాత లెటర్ ఆఫ్ ఇంటెంట్‌ని (ఫలానా కాలేజీకే వస్తానని పిల్లలు సంతకం పెట్టే కాగితం) తీసేశారు. ఇప్పుడు సంతకం పెట్టేది కాలేజీ ఇచ్చే ఆర్థిక సహాయ ఒప్పందం మీదే. అది చేతికి వచ్చేదాకా మీకున్నది మాట మాత్రమే. ఆలూ లేదు చూలూ లేదు, టీషర్ట్ మాత్రం కొనేశారు.

ఫ్రిస్కో_అమ్మ · సెప్టెంబర్ 14, ఉదయం 7:55

😅 టీషర్ట్ మాట నిజమే.

లెక్కల_మాస్టారు_తెనాలి · సెప్టెంబర్ 14, ఉదయం 9:20

అమ్మా, నేను రిటైర్డ్ లెక్కల మాస్టార్ని. ప్రస్తుతం ఎడిసన్‌లో మా అబ్బాయి దగ్గరున్నా. నాకు టెన్నిస్ తెలియదు, కూడికలూ తీసివేతలూ తెలుసు.

మొదటిది: 62 వేలలో 60 శాతం పోతే మీది ఏడాదికి 24,800. నాలుగేళ్ళకి 99,200. ఇదంతా ఆ 60 శాతం నాలుగేళ్ళూ ఉంటుందనుకుంటేనే. "వచ్చే ఏడాది చూద్దాం" అన్నాడు గనక రెండో ఏడు నుంచి సున్నా అయితే 24,800కి మూడు 62 వేలు కలపండి: 2,10,800.

రెండోది: సాయం ఏమీ రాకపోతే 3,64,000. ఇండియా డబ్బులో చెప్తే మీ ఆయనకి నిద్ర పట్టదు, అందుకని చెప్పను.

మూడోది: 36 వేలు.

పదేళ్ళుగా కోచింగ్‌కి, రాకెట్లకి, టోర్నమెంట్ హోటళ్ళకి ఎంత తగలేశారో అది కూడా వేసుకోండి. ఆ డబ్బు స్కాలర్‌షిప్‌తో తిరిగొస్తుందన్న ఆశ ఉంటే ఇప్పుడే వదిలేయండి, మనసు తేలికపడుతుంది.

రెండుచేతుల_బ్యాక్‌హ్యాండ్ · సెప్టెంబర్ 14, మధ్యాహ్నం 1:15

హాయ్ ఆంటీ. నేను ఒక డివిజన్ 1 కాలేజీలో ఆడి ఈ మే నెలలోనే డిగ్రీ పూర్తి చేశాను. మా నాన్నగారు ఈ లింక్ పంపి రాయమన్నారు. నా తెలుగు రాత కొంచెం స్లో, ఏమీ అనుకోకండి.

నేనూ బయాలజీయే. ఎవరూ చెప్పని విషయం ఒకటుంది, అది ల్యాబ్. మా ప్రాక్టీస్ రోజూ మధ్యాహ్నం 2 నుంచి 5. సెకండ్ ఇయర్‌లో ఆర్గానిక్ కెమిస్ట్రీ ల్యాబ్ మంగళవారం 1:30 నుంచి 4:20. వేరే సెక్షన్ లేదు. కోచ్ చాలా మంచాయనే, అరవలేదు, తిట్టలేదు. "నీ ఇష్టం" అన్నారు. ఆ సెమిస్టర్‌లో మంగళవారాలు నేను ప్రాక్టీస్‌కి లేటుగా వెళ్ళేదాన్ని. ఐదో స్థానంలో ఆడేదాన్ని, మార్చి వచ్చేసరికి ఏడులో ఉన్నాను. నా మీద ఎవరికీ కోపం లేదు. నేను లేని కోర్టులో ఇంకో అమ్మాయి ఆడింది, బాగా ఆడింది, అంతే.

వారానికి 20 గంటలకి మించకూడదనేది రూల్. కానీ ప్రయాణం అందులోకి రాదు. మ్యాచ్ రోజు పొద్దున్న 8 నుంచి సాయంత్రం 6 దాకా అక్కడే ఉన్నా లెక్కలో మూడు గంటలే రాస్తారు. శుక్రవారం క్లాసులు పోతాయి. బస్సులో చదువుతాం అని అందరం అంటాం, ఎక్కిన అరగంటకి అందరం నిద్రపోతాం.

మీ అమ్మాయి విజిట్‌కి వెళ్తే కోచ్ కంటే ముందు టీమ్‌లో సైన్స్ చదివే అమ్మాయి ఎవరో కనుక్కోమనండి. అలాంటి వాళ్ళు ఒక్కరూ లేకపోతే, ఎందుకు లేరో అడగమనండి. మా టీమ్‌లో నేను తప్ప అందరూ బిజినెస్, కమ్యూనికేషన్స్, కైనీషియాలజీ.

మళ్ళీ అదే కాలేజీకి వెళ్తావా అంటే వెళ్తాను ఆంటీ. ఎందుకో సరిగ్గా చెప్పలేను. థర్డ్ ఇయర్‌లో ఒక రోజు మ్యాచ్ 3-3 అయ్యి, చివరి కోర్టు నాదే మిగిలింది. మిగతా అందరూ కంచె పట్టుకుని నా పేరు పెట్టి అరిచారు. గెలవలేదు. అయినా ఆ రోజు కావాలి నాకు.

లక్ష్మి_టాంపా · సెప్టెంబర్ 14, మధ్యాహ్నం 3:02

చదువుతుంటే కళ్ళల్లో నీళ్ళొచ్చాయి తల్లీ. తెలుగు ఏం స్లో కాదు, చక్కగా రాశావు.

నిజామాబాద్_నానా · సెప్టెంబర్ 14, సాయంత్రం 6:40

అక్కా, మీ వీసా ముచ్చట ఎవ్వరు పట్టించుకుంటలేరు, నేను జెప్త. మాది గట్లనే ఉండె, మా కొడుకు స్విమ్మింగ్.

ఆట స్కాలర్‌షిప్‌కు వీసాతోని సంబంధం లేదు. హెచ్-4 అయినా ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) అయినా కాలేజీ ఇయ్యొచ్చు. కానీ డివిజన్ 3ల ఆటకు పైసలే లేవు, అంతా నీడ్ (ఇంటి ఆదాయం) చూసిచ్చుడు, లేకుంటే మెరిట్. నీడ్ కాడికొస్తే గవర్నమెంట్ ఎఫ్ఏఎఫ్ఎస్ఏ సాయం హెచ్-4 పిల్లలకు రాదు. కాలేజీ సొంత పైసలు చూద్దామంటే, చానా కాలేజీలు హెచ్-4 పిల్లల్ని ఇంటర్నేషనల్ లెక్కనే చూస్తయి. ఈడ పదిహేనేండ్ల సంది ఉన్నం, ట్యాక్సులు కడుతున్నం అంటే "మంచిది" అంటరు. గందుకే రెండో కాలేజీల ఫస్ట్ అడుగుడు ఏందంటే, మా పిల్లను ఏ గంపల ఏస్తరు, సిటిజన్ గంపలనా, ఇంటర్నేషనల్ గంపలనా అని. ఫోన్ల వద్దు, మెయిల్ల అడుగుండ్రి.

ఇంగ ఎన్ఐఎల్ పైసలు, అంటే ఆటగాళ్ళ పేరు, ఫోటో వాడుకున్నందుకు ఇచ్చేటియి. టీమ్ల పక్కపిల్ల ఇన్‌స్టాల రాకెట్ బ్యాగు జూపెట్టి పైసలు తీసుకుంటది. మన పిల్లకు హెచ్-4 మీద పనిజేసే పర్మిషన్ లేదు, దాని జోలికి పోవద్దు. ఎవ్వడన్న "అందరు చేస్తున్నరు" అంటే ముంగట లాయర్ను అడుగుండ్రి.

సియాటిల్_సుబ్బలక్ష్మి · సెప్టెంబర్ 14, రాత్రి 8:15

నానా గారు చెప్పినదానికి ఒక ముక్క కలుపుతాను. మెడిసిన్ అన్నారు కదా. గ్రీన్‌కార్డు లేని పిల్లలని అమెరికా మెడికల్ స్కూళ్ళలో చాలావాటిలో అసలు తీసుకోరు, తీసుకునే కొన్నింట్లో పోటీ విపరీతం. నేను హాస్పిటల్‌లో పనిచేస్తాను, ఈ బాధ పడ్డ కుటుంబాలని చూశాను. భయపెట్టాలని కాదు. నాలుగేళ్ళ డిగ్రీ మీదే ఇల్లు తాకట్టు పెట్టేస్తే తరవాత దారి మారాల్సి వచ్చినప్పుడు చేతిలో ఏమీ ఉండదు.

టెక్సస్ కాలేజీలో కూడా ఒకటి అడగండి: 21 నిండి ఎఫ్-1కి మారాక ఇన్-స్టేట్ ఫీజు అలాగే ఉంచుతారా? రాతపూర్వకంగా.

బెజవాడ_ఏస్ · సెప్టెంబర్ 14, రాత్రి 9:00

అందరూ కలిసి పిల్ల ఉత్సాహం మీద నీళ్ళు పోస్తున్నారు. రేపు అది "నన్ను ఆడనివ్వలేదు" అని జీవితాంతం అంటుంది, అప్పుడు ఏం చేస్తారు?

కాగితం_చూపించు · సెప్టెంబర్ 14, రాత్రి 9:22

మూడు చోట్లా టెన్నిసే కదండి ఉంది. ఆడొద్దని ఎవరన్నారు? ఆడే చోటికే వెళ్ళమంటున్నాం.

పేరు గురించి కూడా మాట్లాడుకుందాం. హైదరాబాద్ అమ్మాయి సహజ యమలపల్లి ఆడింది టెక్సస్‌లోని శామ్ హ్యూస్టన్ స్టేట్‌లో. ఫ్రిస్కోలో ఉన్న మనవాళ్ళలోనే సగంమందికి అది ఏ ఊళ్ళో ఉందో తెలియదు (హంట్స్‌విల్, హ్యూస్టన్‌కి పైన). అక్కడ ఆడి వచ్చి దేశంలో సింగిల్స్ నంబర్ వన్ అయింది. సాకేత్ మైనేని అలబామాలో ఆడాడు. సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్ వర్జీనియాలో ఆడి 2007, 2008 రెండేళ్ళూ ఎన్‌సీఏఏ (కాలేజీ ఆటలని నడిపే సంస్థ) సింగిల్స్ కొట్టాడు. అది పెద్ద పేరే, కాదనను. కానీ వీళ్ళంతా రోజూ కోర్టు మీద ఉన్నవాళ్ళు.

ఫ్రిస్కో_అమ్మ · సెప్టెంబర్ 15, ఉదయం 6:50

రాత్రంతా చదివాను. మా ఆయనకీ చూపించాను. ఆయన అడిగేది ఒకటే: ఎలాగూ చదువే ముఖ్యమైనప్పుడు ఐవీ లీగ్‌కి ఎందుకు ప్రయత్నించలేదు, ఆట ఉంది కదా, అని.

కాగితం_చూపించు · సెప్టెంబర్ 15, ఉదయం 8:05

ఎనిమిది ఐవీ కాలేజీలూ డివిజన్ 1 ఆడతాయి గానీ 1954 ఒప్పందం నుంచి ఆటకి స్కాలర్‌షిప్ ఇవ్వవు. హౌస్ సెటిల్‌మెంట్‌లోనూ చేరలేదు. అక్కడ కోచ్ చేతిలో ఉన్నది డబ్బు కాదు, అడ్మిషన్ ఆఫీసుకి ఇచ్చే జాబితాలో చోటు. మార్కులని, టెస్ట్ స్కోర్లని కలిపి అకడమిక్ ఇండెక్స్ అని ఒక అంకె కడతారు, జట్టు మొత్తం సగటు ఒక గీతకి దిగకుండా చూసుకోవాలి. అన్నీ కుదిరితే అక్టోబర్ నుంచి లైక్లీ లెటర్ (సీటు దాదాపు ఖాయమని చెప్పే ఉత్తరం) పంపిస్తారు. ఆ జట్లలో ఉన్న అమ్మాయిల యూటీఆర్‌లు ఒకసారి యూటీఆర్ సైట్లోనే తెరిచి చూడమనండి మీ వారిని. 8.4 దగ్గర తలుపు తట్టొచ్చు, తీస్తారని చెప్పలేం. పైగా అక్కడి కోచ్‌లు ఈపాటికి 2026 బ్యాచ్ దాదాపు ముగించేసి ఉంటారు. 10వ తరగతి అయ్యాక జూన్ 15 నుంచే కోచ్‌లు పిల్లలతో నేరుగా మాట్లాడొచ్చు కదా, అప్పుడు మొదలైన కథ ఇది.

లెక్కల_మాస్టారు_తెనాలి · సెప్టెంబర్ 15, ఉదయం 10:30

ఇది అచ్చం పెళ్ళిచూపుల వ్యవహారంలా ఉందే! తేడా ఏమిటంటే ఇక్కడ పెళ్ళికొడుకు ఒకేసారి ముప్పై ఇళ్ళలో కాఫీ తాగుతున్నాడు.

మా రోజుల్లో స్పోర్ట్స్ కోటా అంటే సర్టిఫికెట్ చూపించి సీటు తెచ్చుకోవడం. సీటొచ్చాక బంతి ముట్టుకున్నావా అని నన్నెవరూ అడగలేదు (నాది కబడ్డీ, పోనివ్వండి). ఇక్కడ సీటుతో పాటు ఉద్యోగం కూడా ఇస్తున్నారు. ఆ ఉద్యోగం ఆ పిల్లకి కావాలా అన్నది అడిగారా?

రెండుచేతుల_బ్యాక్‌హ్యాండ్ · సెప్టెంబర్ 15, సాయంత్రం 5:45

తాతగారూ, కరెక్ట్‌గా చెప్పారు. ఉద్యోగమే.

ఆంటీ, ఇంకొకటి మర్చిపోయాను. ఇన్సూరెన్స్. సెకండ్ ఇయర్ చివర్లో నాకు మణికట్టు పోయింది. స్కాలర్‌షిప్ తీయలేదు. ఇప్పుడైతే గాయమైనా ఆట తగ్గినా ఆ సాకుతో కోయకూడదని 2024 ఆగస్టు నుంచి డివిజన్ 1 అంతటికీ రూల్ ఉంది. కానీ మా కాలేజీ ఇన్సూరెన్స్ సెకండరీ, ముందు నాన్నగారి కంపెనీ ప్లాన్ కట్టాలి, మిగిలితే వాళ్ళు చూస్తారు. సరిగ్గా అదే నెల నాన్నగారికి లేఆఫ్. ఎంఆర్ఐ ఎవరు కడతారని మూడు వారాలు ట్రైనర్ ఆఫీసుకీ ఇంటికీ మధ్య ఫోన్లు. మీదీ హెచ్-1బి కాబట్టి చెప్తున్నా: విజిట్‌లో ఈ ప్రశ్న అడగడానికి సిగ్గుపడకండి. అమ్మానాన్న అడిగితే కోచ్‌లు ఏమీ అనుకోరు, ప్రతి కుటుంబం అడుగుతుంది.

లక్ష్మి_టాంపా · సెప్టెంబర్ 16, ఉదయం 11:12

మా అమ్మాయి డివిజన్ 3లో మూడో ఏడు. మా దగ్గర గ్రీన్‌కార్డు ఉంది కనక డబ్బు లెక్క వేరు, అది పక్కన పెడుతున్నా. డివిజన్ 3 అంటే తేలికగా తీసుకోకండి. ఎమొరీ, షికాగో, క్లేర్‌మాంట్ జట్లు చూస్తే మామూలు డివిజన్ 1 జట్లకి ముచ్చెమటలు పట్టిస్తాయి. అక్కడ 11వ తరగతి అయ్యాక వేసవిలో ప్రీ-రీడ్ అని చేస్తారు. కోచ్ మార్కులు తీసుకెళ్ళి అడ్మిషన్ వాళ్ళకి చూపించి, అవునంటారో కాదంటారో చెప్తుంది. మీకు అయిందా?

మా పిల్లకి ల్యాబ్ ఉన్న రోజు కోచే సాయంత్రం విడిగా ఒక గంట ఆడిస్తుంది. బయట లైట్ల కింద ఇద్దరే. ఆ ఫోటో నా ఫోన్‌లో ఉంది.

ఫ్రిస్కో_అమ్మ · సెప్టెంబర్ 16, రాత్రి 9:30

ప్రీ-రీడ్ అయిందండి, గ్రీన్, అంటే అవుననే అన్నారు. గంప సంగతి (నానా గారి మాట 🙂) మెయిల్‌లో అడిగాను. మొదటి కాలేజీ కోచ్‌కి కూడా రాశాను: ఒప్పందం ఒక ఏడాదికా నాలుగేళ్ళకా, ఏ స్థానం, బయాలజీ ల్యాబ్ వస్తే ఏం చేస్తారు, అని మూడు ప్రశ్నలు. మర్యాదగానే రాశాను. పిల్ల నాతో మాట్లాడట్లేదు, "నువ్వు చెడగొడుతున్నావు" అంది.

వైజాగ్_వాలీ · సెప్టెంబర్ 17, ఉదయం 6:05

అడగడం వల్ల చెడిపోయేది ముందే చెడిపోయి ఉంటుంది అక్కా.

జట్టు అసలు ఉంటుందా అన్నది కూడా చూడండి. 2020 జూలైలో స్టాన్‌ఫర్డ్ అంతటిది ఒక్కసారే 11 ఆటలు తీసేస్తున్నట్టు ప్రకటించింది. పాత ఆటగాళ్ళు గొడవ చేశాక మరుసటి మేలో వెనక్కి తగ్గింది. పెన్సిల్వేనియాలో సెయింట్ ఫ్రాన్సిస్ ఈ ఏడాది మార్చిలో డివిజన్ 1 నుంచి డివిజన్ 3కి దిగిపోతున్నామని చెప్పింది. మన యూటీ డాలస్ 3 నుంచి 2కి ఎక్కింది. ఫుట్‌బాల్‌కీ బాస్కెట్‌బాల్‌కీ జీతాల్లాంటివి పంచడం మొదలయ్యాక చిన్న ఆటల మీదే కత్తి పడుతుందని భయం. మీ అమ్మాయి కాలేజీలో టెన్నిస్ కోర్టులకి ఈమధ్య డబ్బు పెట్టారా, సొంత కోర్టులా లేక ఊరి క్లబ్‌లో అద్దెకా, చూసి రండి.

ఫ్రిస్కో_అమ్మ · సెప్టెంబర్ 26, రాత్రి 10:58

మొదటి కాలేజీ నుంచి తొమ్మిది రోజులకి జవాబొచ్చింది. నాలుగు వాక్యాలు. తూర్పు నుంచి ఒక ట్రాన్స్‌ఫర్ అమ్మాయి వస్తోందట, డబ్బు సర్దుబాటు మారిందట, మాకు వాకాన్‌గా చోటు ఉంచగలరట. వాకాన్ అంటే డబ్బు లేకుండా.

మా అమ్మాయి మెయిల్ రెండుసార్లు చదివింది. అప్పుడు బోర్డు మీద ప్రశ్నార్థకం గురించి చెప్పాను. "నేనూ చూశానమ్మా, ఎనిమిదే కదా, ఎక్కుదామనుకున్నా" అంది.

ఏం మాట్లాడాలో తెలియక వెళ్ళి అన్నం పెట్టాను.

బెజవాడ_ఏస్ · సెప్టెంబర్ 26, రాత్రి 11:20

అయ్యో. సారీ మేడం. నేను తొందరపడి ఏదేదో రాశాను. పిల్లకి నా తరఫున చెప్పండి, ఎనిమిది నుంచి ఎక్కుదామనుకున్న ఆ గుణం ఉంది చూశారూ, అది ఏ కాలేజీలో అయినా పనికొస్తుంది.

నిజామాబాద్_నానా · సెప్టెంబర్ 27, ఉదయం 8:00

అక్కా, గిప్పుడు తెలుసుడే మంచిగైంది. వచ్చే ఆగస్టుల సామాను దింపినంక తెలిస్తే ఏమైతుండె?

ఫ్రిస్కో_అమ్మ · నవంబర్ 20, రాత్రి 9:14

చాలామంది మెసేజీలు పెట్టి అడిగారు, అందుకే రాస్తున్నా.

రెండో కాలేజీ మా అమ్మాయిని ఇంటర్నేషనల్ గంపలోనే వేసింది. 91 వేలకి 22 వేలు ఇస్తామన్నారు. కోచ్ ఫోన్ చేసి చాలా బాధపడింది, నిజంగానే బాధపడింది. మాస్టారి లెక్క ఈసారి మా ఆయనే వేశారు: నాలుగేళ్ళకి 2,76,000. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు, మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

మూడో చోటికి అక్టోబర్‌లో మళ్ళీ వెళ్ళాం, ఈసారి పిల్ల హాస్టల్‌లో ఒక రాత్రి ఉంది. పొద్దున్న వస్తూనే మొదట చెప్పింది జట్టు వ్యాన్ గురించి. వ్యాన్ వెనక సీట్లో ఒక అమ్మాయి తలకి క్యాంపింగ్ లైటు కట్టుకుని కెమిస్ట్రీ చేసుకుంటుందట. అందరూ ఆ అమ్మాయిని "మైనింగ్" అని పిలుస్తారట. మన బ్యాక్‌హ్యాండ్ అమ్మాయి చెప్పినట్టే జట్టులో సైన్స్ వాళ్ళని వెతికితే ముగ్గురున్నారు. ల్యాబ్ ఉన్నవాళ్ళకి పొద్దున్న 6:30కి వేరే ప్రాక్టీస్ పెడతారు. మా పిల్లకి పొద్దున్న లేవడం చావుతో సమానం, చూడాలి ఏం చేస్తుందో.

ఒప్పందం ఏడాదికే ఇచ్చారు, ఏటేటా కొత్తది. కోర్టులు పాతవి, రెండింట్లో పగుళ్ళు. ఫీజు సంగతి రిజిస్ట్రార్ నుంచి మెయిల్‌లో తెప్పించుకున్నాను: ఎఫ్-1కి మారినా ఇప్పుడున్న లెక్కే ఉంటుందని రాసిచ్చారు. ఇన్సూరెన్స్ అక్కడా సెకండరీయే. పోయినవారం సంతకం పెట్టింది.

మా ఆయన ఇంకా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టలేదు. నిన్న మాత్రం ఆ కాలేజీ నుంచి మనింటికి ఎంత దూరం అని గూగుల్ మ్యాప్‌లో చూస్తుంటే పట్టుకున్నాను. మ్యాచ్‌ల షెడ్యూల్ కూడా ప్రింట్ తీసి ఫ్రిజ్ మీద పెట్టారు, ఈ ఏడాదిది, మా పిల్ల అందులో లేదు కూడా.

రెండుచేతుల_బ్యాక్‌హ్యాండ్ · నవంబర్ 20, రాత్రి 9:40

మైనింగ్ 😂 ఆంటీ, 6:30 ప్రాక్టీస్‌కి టిప్: రాత్రే రాకెట్లకి గ్రిప్ చుట్టుకుని, బూట్లు తలుపు దగ్గర పెట్టుకుని, ప్రాక్టీస్ బట్టల్లోనే పడుకోమనండి. అందరం అదే చేస్తాం.

లెక్కల_మాస్టారు_తెనాలి · నవంబర్ 21, ఉదయం 5:50

శుభం. 36 వేలకి పైన హాస్టల్ భోజనం డబ్బు మీద పన్ను ఒకటుంటుందని మా అబ్బాయి అంటున్నాడు. ట్యూషన్‌కి ఇచ్చిన స్కాలర్‌షిప్ మీద ఉండదట, గదికీ తిండికీ ఇచ్చినదాని మీద ఉంటుందట. మీ ట్యాక్స్ ఆయన్ని అడగండి. ఒప్పందంలో దేనికి ఎంతో విడివిడిగా రాసి ఉంటుంది.

కొలంబస్_స్క్వాష్_డాడ్ · నవంబర్ 21, ఉదయం 7:33

అందరికీ నమస్కారం. మావాడు 9వ తరగతి, స్క్వాష్. ఎన్‌సీఏఏలో స్క్వాషే లేదంటున్నారు, మరి ఈ జూన్ 15 రూలు మాకు వర్తిస్తుందా?

కాగితం_చూపించు · నవంబర్ 21, ఉదయం 7:50

అది వేరే లోకం సార్, కాలేజ్ స్క్వాష్ అసోసియేషన్ అని విడిగా నడుస్తుంది. కొత్త టాపిక్ తెరవండి, ఏ కాలేజీలు అనుకుంటున్నారో రాయండి, అక్కడ మాట్లాడుకుందాం. టీషర్ట్ మాత్రం అప్పుడే కొనకండి.